మరి మీ పోరడు యాడ సదువుతుండు సారూ?

నేను సర్కారు బడిలో లెక్కల సారును. కరీంనగర్ జిల్లాలో ఒక ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు. మా బడి ప్రహరీ మీద "సర్కారు బడిలో చేర్పించండి, పిల్లల భవిష్యత్తుకు బాట వేయండి" అని నీలం అక్షరాలు కనిపిస్తే ఆ వాక్యం నాదే. పెయింటర్ భవిష్యత్తులో ఒక ఒత్తు మింగేస్తే స్టూలెక్కి దిద్దిందీ నేనే. ఆ భవిష్యత్తులో నా సొంత పిల్లల వాటా ఎంత అని అడగనంత వరకు నేను చాలా నిజాయితీ గల ఉపాధ్యాయుణ్ణి. అడిగారా, గల్లాపెట్టె ముందు కూర్చుని ఇంటి నుంచి వచ్చిన టిఫిన్ బాక్సు విప్పుకునే హోటలు ఓనరును.

మా వాడు ఏడో తరగతి పూర్తి చేసింది 2015లో. అప్పటిదాకా మా కాలనీలోనే రేకుల షెడ్డులో నడిచే చిన్న కాన్వెంటులో చదివాడు. అది ఏడుతోనే సరి. ఎనిమిదిలో ఎక్కడ వేయాలన్న చర్చ మా ఇంట్లో మామిడికాయ తొక్కు పెట్టే రోజున మొదలైంది. తొక్కు పెట్టే రోజున మా ఆవిడతో వాదన పెట్టుకోకూడదని పెళ్లయిన కొత్తలోనే తెలిసింది కానీ, ఆ రోజు నా దగ్గర కొత్తగా తయారు చేసిన బడిబాట ఉపన్యాసం ఉంది. ఊళ్లో చెప్పే ముందు ఇంట్లో ఒకసారి చెప్పి చూద్దామనుకున్నాను.

మంచి ఉపన్యాసమే. మా దగ్గర పాఠం చెప్పే ప్రతివాడూ బీఎడ్ చేసి, డీఎస్సీ రాసి గెలిచినవాడే అన్నాను. ఇంగ్లీషు మీడియం లేదనే మాటకు 2008లో సక్సెస్ స్కూళ్లు పెట్టిన నాడే కాలం చెల్లిందన్నాను. పుస్తకాలు ఉచితం, బట్టలు ఉచితం, ఈ జనవరి నుంచి మధ్యాహ్న భోజనంలో సన్నబియ్యం అన్నాను. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులం కూడా సర్కారుదేననీ, అందులో సీటు కోసం తల్లులు దేవుళ్లకు మొక్కేవారనీ చరిత్ర కూడా కలిపాను. ఊళ్లో ఇదంతా చెబితే జనం నిలబడి వింటారు. ఇంట్లో మా ఆవిడ ముక్కలకు ఉప్పు పట్టిస్తూ వింది.

"మీ బడిల హిందీ సారు ఉన్నడా?"

"పోస్టు ఖాళీ. విద్యావాలంటీరు వస్తడు."

"ఫిజిక్సు?"

"ఉన్నడు. డిప్యుటేషన్ మీద వేరే బడికి పోయిండు."

"బాత్రూంల నీళ్లు?"

"మోటరు రిపేరుకు పోయింది. వస్తది."

"మీ స్టాఫు పిల్లలు ఎవరన్న చదువుతున్నరా మీ బడిల?"

లెక్క పెట్టాను. సున్నాను ప్రపంచానికి ఇచ్చింది మనవాళ్లే అని చెప్పబోయి ఊరుకున్నాను. చివరి అస్త్రం ఒకటి మిగిలింది. "లెక్కలకు నేనున్న కద!" అన్నాను.

"అదే నా భయం" అంది.

అంతటితో ఆ విషయం మా ఇంట్లో ముగిసింది. ఇక ఏ ప్రైవేటు స్కూలు అన్నదే మిగిలింది. మా ఆవిడ చెల్లెలి భర్త, అంటే నా సడ్డకుడు, అప్పటికే వాళ్ల అబ్బాయిని హైదరాబాద్‌లో ఐఐటీ ఫౌండేషన్‌లో వేశాడు. వాడు ఆరో తరగతి. ఆరో తరగతి పిల్లవాడు ఐఐటీకి పునాది తవ్వుతుంటే, ఎనిమిదికి వచ్చిన మావాడికి ఇంకా స్థలం కూడా చూడలేదన్న దిగులు మా ఇంటి మీద కమ్ముకుంది. పండక్కి కలిసినప్పుడు సడ్డకుడు "బ్రదర్, ఇప్పటికే లేటు" అన్నాడు. పదమూడేళ్ల పిల్లవాడి విషయంలో లేటు అనే మాట విన్నాక నిద్ర పట్టే తండ్రి తెలుగు దేశాన ఉంటాడా?

ఈ రోగం నాతో పుట్టింది కాదని మాత్రం మనవి చేసుకుంటాను. చుక్కా రామయ్య గారు హైదరాబాద్ నల్లకుంటలో ఐఐటీ కోచింగ్ నడిపిన రోజుల్లో, అందులో చేరడానికి ఒక ప్రవేశ పరీక్ష ఉండేది. ఆ ప్రవేశ పరీక్ష గట్టెక్కించడానికి వేరే కోచింగులు పుట్టాయి. కోచింగ్ కోసం కోచింగ్ కనిపెట్టిన జాతి మనది. ఆ వరుసలో కిందికి దిగుతూ దిగుతూ ఇప్పుడు ఆరో తరగతి దగ్గర ఆగాం, ఆగామనే అనుకుందాం. రామయ్య గారు కూడా సర్కారు కొలువులో లెక్కలు చెప్పిన మనిషే సుమా అని మా ఆవిడకు గుర్తు చేశాను. "మీ ఇద్దరికీ కలిసింది బోర్డూ చాక్‌పీసూ" అంది.

మేం వెళ్లిన స్కూల్లో ఏసీ గది ఉంది. గోడ నిండా ర్యాంకర్ల ఫొటోలు. పాస్‌పోర్టు సైజు పిల్లలంతా ఒకే రకంగా బెదిరిపోయి చూస్తున్నారు. డీన్ గారట, టై కట్టుకున్న కుర్రాడు, "ఫౌండేషన్ బ్యాచా సార్, నార్మల్ బ్యాచా?" అని అడిగాడు. కన్నతల్లి పక్కన కూర్చుని ఉండగా మా వాడు నార్మల్ అనే తండ్రి ఎవరు? ఫౌండేషన్ అన్నాను. ఫీజు ఏడాదికి నలభై రెండు వేలు. పుస్తకాలు, బస్సు, బ్లేజరు వేరే. కరీంనగర్ ఎండలో బ్లేజరు ఎందుకని అడగబోతే మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది.

"మీరేం చేస్తారు సార్?" అన్నాడు డీన్.

గొంతు తగ్గించి చెప్పాను. అతను నవ్వాడు. "అయ్యో, ముందే చెప్పొద్దా సార్! గవర్నమెంట్ టీచర్లకు మా దగ్గర పది శాతం కన్సెషన్ ఉంది. మా పేరెంట్స్‌లో సగం మంది మీవాళ్లే."

అలా నా ఉద్యోగం వల్ల నాకు మొదటిసారి ఒక ప్రత్యేక గౌరవం దక్కింది. రాయితీ తీసుకున్నాను. రశీదు మీద రాయితీ కారణం రాయవద్దని మాత్రం కోరాను.

జూన్ వచ్చింది. బడిబాట. తెలియనివారి కోసం చెప్పాలి: బడులు తెరిచే వేళకు మేం టీచర్లం కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, పిల్లల్ని మా బడిలో చేర్పించమని తల్లిదండ్రులను అడుగుతాం. పిల్లలు తగ్గితే రేషనలైజేషన్‌లో పోస్టు ఎగిరిపోతుంది గనుక ఆ అడగడంలో కొంత ఆర్ద్రత కూడా ఉంటుంది. ఆ ఏడు కరపత్రం రాసింది కూడా నేనే. అందులో చివరి పాయింటు నాకు చాలా ఇష్టమైనది. "బాసర ట్రిపుల్ ఐటీలో సర్కారు బడి పిల్లలకు 0.4 పాయింట్లు అదనం!" ఆశ్చర్యార్థకం కూడా నాదే.

ఆ 0.4 సంగతేమిటంటే, 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అదే జనం నోట ట్రిపుల్ ఐటీ, పెట్టినప్పుడు దాన్ని పల్లెటూరి పిల్లల కోసం అన్నారు. ఎంసెట్ లేదు, కోచింగ్ లేదు. పదో తరగతి ఫలితాన్ని బట్టి సీటు. చేరితే ఆరేళ్లు అక్కడే, ఇంటర్‌కు సమానమైన రెండేళ్ల చదువు, నాలుగేళ్ల బీటెక్. హాస్టల్ లేని సర్కారు బడుల్లో చదివిన పిల్లలు ఎన్ని లేమిల మధ్య చదివారో గుర్తించి, డిప్రివేషన్ స్కోరు అనే పేరుతో వాళ్ల జీపీఏకి 0.4 కలిపేవారు. నీళ్లు రాని బాత్రూమూ, రాని హిందీ సారూ, డిప్యుటేషన్ మీద పోయిన ఫిజిక్సూ అన్నీ కలిపి 0.4. నాకు తెలిసి మా బడి ఖాళీలకు సర్కారు కట్టిన ఏకైక నష్టపరిహారం అదే.

ఆ కరపత్రాలు పట్టుకుని ఒక వాడలో బీడీలు చేసుకునే ఒక తల్లి దగ్గర ఆగాం. ఒళ్లో చేట, చేటలో తునికాకు. ఆమె కూతురు ఊళ్లో ప్రైవేటు బడిలో ఏడు చదివింది, ఫీజు కట్టలేక ఆపుదామనుకుంటున్నారు. నేను ఉపన్యాసం మొత్తం చెప్పాను. సన్నబియ్యం దగ్గర కొంచెం మెత్తబడింది. 0.4 దగ్గర చేట పక్కన పెట్టింది. ఇక పేరు రాసుకుందామని పెన్ను తీశాను.

"మీరింత మంచిగ చెప్తున్నరు. మరి మీ పోరడు యాడ సదువుతుండు సారూ?"

వ్యంగ్యమేమీ లేదు ఆ గొంతులో. అమాయకంగా, నా మీద గౌరవంతో అడిగింది. ఇలాంటి ప్రశ్నకు మా స్టాఫులో ఒక్కొక్కరికి ఒక్కొక్క సమాధానం ఉంది. తెలుగు సారు "చదువు ఎక్కడైనా చదువేనమ్మా" అంటాడు. పీఈటీ సారుకు ఆ క్షణంలోనే ఫోన్ వస్తుంది. నేను లెక్కల మనిషిని, అబద్ధం చెప్పను. "టౌన్ల సదువుతుండమ్మా" అన్నాను. నిజమే కదా.

"టౌన్ల సర్కారు బడేనా?"

సరిగ్గా అప్పుడే వాడ చివర మోటార్‌సైకిల్ ఆగింది. నెత్తి మీద క్యాపు, చేతిలో రంగురంగుల బ్రోచర్లు. మా వాడి స్కూలు పీఆర్వో. వాళ్ల బస్సు ఈ ఊరిదాకా వస్తుంది మరి, అతను కూడా పిల్లల కోసమే తిరుగుతున్నాడు. నన్ను చూసి ముఖం వెలిగిపోయింది. "నమస్తే సార్! బాబు బ్లేజరు వచ్చింది, రేపు పంపిస్త!" అని అరిచాడు.

నేను ఆ తల్లి ముఖం చూడలేదు. కరపత్రాన్నే చూస్తూ నిలబడ్డాను. ఆమె కాసేపు ఊరుకుని, "రాసుకోండ్రి సారూ, పేరు" అంది. ఎందుకు రాయించిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఫీజు కట్టలేకపోవడమే కారణం కావచ్చు. నా మీద జాలి కూడా కావచ్చు.

ఆగస్టులో ఇంకో పిడుగు పడింది. అలహాబాద్ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో సర్కారు జీతం తీసుకునే ప్రతివాడూ, ఉద్యోగి అయినా, ప్రజాప్రతినిధి అయినా, జడ్జి అయినా, తన పిల్లల్ని సర్కారు బడిలోనే చదివించాలి. ప్రైవేటుకు పంపితే అక్కడ కట్టే ఫీజుకు సమానమైన సొమ్ము సర్కారుకు కూడా కట్టాలి. మర్నాడు పొద్దున మా కారులో ఎవరూ మాట్లాడలేదు. నలుగురం కలిసి టౌన్ నుంచి ఊరికి ఒకే కారులో వెళ్లొస్తాం, మామూలుగా డీఏ బకాయిల మీద పార్లమెంటు నడుస్తుంది. ఆ రోజు బైపాస్ దాటేదాకా నిశ్శబ్దం. అప్పుడు సోషల్ సారు సమాఖ్య వ్యవస్థ గురించి మొదలుపెట్టాడు. ఒక రాష్ట్ర హైకోర్టు తీర్పు ఇంకో రాష్ట్రానికి ఎందుకు వర్తించదో, అధికార పరిధి అంటే ఏమిటో, పైగా ఆ తీర్పు ప్రాథమిక పాఠశాలల గురించే గనుక హైస్కూలు వాళ్లం నిశ్చింతగా ఎందుకు ఉండవచ్చో ఇరవై కిలోమీటర్లు చెప్పాడు. ఈ పాఠాన్ని అంత బాగా ఆయన తరగతి గదిలో ఎన్నడూ చెప్పలేదని నా నమ్మకం. ఆ తీర్పు అక్కడా అమలు కాలేదు. జీతం తీసుకునేవాళ్లంతా ఒకవైపే ఉంటే ఏ తీర్పు మాత్రం అమలవుతుంది?

ఇక అసలు ముచ్చటకు వస్తాను. దసరా ముందు మొదటి పేరెంట్స్ మీటింగ్. మావాడి మ్యాథ్స్ ఫ్యాకల్టీని కలవమన్నారు. ఫ్యాకల్టీ అన్న మాటలోనే ఏదో ఐఐటీ వాసన ఉంది కదా, మా ఆవిడ చీర సర్దుకుంది. గది తలుపు తీశాను. లోపల కూర్చున్న కుర్రాడు లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, నా కాళ్లకు దండం పెట్టబోయాడు.

"సార్! మీరా సార్! మీ అబ్బాయని నాకు తెల్వనే తెల్వదు సార్!"

నా శిష్యుడు. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియంలో, నా దగ్గర ఆరు నుంచి పది దాకా లెక్కలు నేర్చుకున్నవాడు. బీఎస్సీ, బీఎడ్ చేసి డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ, అది పడేదాకా ఇక్కడ పొట్టపోసుకుంటున్నాడు. జీతం ఎంతని అడిగాను. చెప్పాడు. అది ఇక్కడ రాయను. మావాడి ఫీజును పన్నెండుతో భాగించి, వాడి తరగతిలోని పిల్లల సంఖ్యతో గుణించి చూడండి. వచ్చిన దాంట్లో ఎంత చిన్న ముక్కో మీకే తెలుస్తుంది.

మా ఆవిడ నమ్మలేక, "మా బాబు ఆల్జీబ్రా బాగ చెప్తున్నరని ఒకటే పొగుడుడు" అంది. కుర్రాడు సిగ్గుపడ్డాడు. "అదంతా సారు చెప్పిన పద్ధతే మేడం. బీజగణితంలో బ్రాకెట్లు విప్పేటప్పుడు సారు ఒక కథ చెప్తుండె, అదే ఇంగ్లీషుల చెప్తున్న."

ఆ కథ నాకు బాగా గుర్తు. పదేళ్లుగా మా బడిలో ఉచితంగా చెబుతున్నాను. మావాడికి ఇంట్లో చెప్పబోతే "నాన్నా, మా సార్ వేరే మెథడ్ చెప్పిండు" అని లేచిపోయేవాడు. అదే కథ నలభై రెండు వేలలో పది శాతం రాయితీ పోను మిగిలిన సొమ్ముకు, ఇంగ్లీషులో, బ్లేజరు వేసుకుని విన్నాక అర్థమైంది. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. టవర్ సర్కిల్ దాటాక మాత్రం, "మీరు మంచిగనే చెప్తరన్నమాట" అంది. మా దాంపత్యంలో నా వృత్తికి దక్కిన అత్యున్నత పురస్కారం అదే, దాని ఖరీదు కూడా నేనే కట్టాను.

మావాడు పదో తరగతికి వచ్చాక అంతర్గత మార్కుల తనిఖీ వచ్చింది. వంద మార్కుల్లో ఇరవై బడిలోనే వేస్తారు, ఆ రికార్డులు చూడడానికి సర్కారు టీచర్ల బృందం ప్రైవేటు స్కూళ్లకు వెళ్తుంది. నన్ను వేసిన స్కూళ్లలో మావాడిది కూడా ఉంది. మార్చమని అడగవచ్చు. అడిగితే కారణం చెప్పాలి, కారణం చెబితే నా గుట్టు నలుగురికీ తెలుస్తుంది. వెళ్లాను. ఉస్మానియా బిస్కెట్లు పెట్టారు. రికార్డుల్లో ఇరవైకి ఇరవై, ఇరవైకి ఇరవై, పేజీ తిప్పితే ఇరవైకి ఇరవై. సోషల్ ప్రాజెక్టులన్నీ ఒకే కలంతో, ఒకే ఒరవడిలో కనిపిస్తుంటే గంభీరంగా కళ్లజోడు సర్దుకున్నాను. ఒక్కటి మాత్రం వేరే చేతిరాత. గుండ్రంగా, ముత్యాల్లా. అది మా ఆవిడది. "ఈ ప్రాజెక్టు విద్యార్థి స్వయంగా చేసినట్లుంది" అని పక్కనున్న సారు మెచ్చుకున్నాడు. నేను సంతకం పెట్టాను.

2018 ఏప్రిల్ చివర్లో ఫలితాలు. మావాడికి 9.8. ఒక్క సబ్జెక్టులో ఒక్క గ్రేడు పోయింది. ఏ సబ్జెక్టో అడక్కండి, నేను ఆ సబ్జెక్టు సారును. అయినా స్వీట్లు పంచాం. మా సడ్డకుడికి ఫోన్ చేసి, తెలియనట్టు వేరే విషయం మాట్లాడి, చివర్లో చెప్పాం. బాసరకు కూడా దరఖాస్తు పెట్టాం. పంపే ఉద్దేశం లేదు, సీటొస్తే వదిలేశామని చెప్పుకోవడానికి ఉంటుందని.

బాసర జాబితా వచ్చింది. మావాడి పేరు లేదు. ఉన్న పేర్లలో ఒకటి మా బడి అమ్మాయిది. బీడీలు చేసే తల్లి కూతురు. ఆ పిల్ల జీపీఏ 9.7. దానికి 0.4 కలిపితే పదికి పది పాయింట్ ఒకటి. పదికి పది తెచ్చుకున్న కార్పొరేటు పిల్లవాడు కూడా ఆ పిల్ల వెనకే నిలబడాలి. పదికి మించి తెచ్చుకోవడం ఎలాగో ఏ ఫౌండేషన్ బ్యాచిలోనూ చెప్పరు. నా కరపత్రంలో మాత్రం ఉంది, ఆశ్చర్యార్థకంతో సహా. మా ఆవిడ ఎక్కడో పాత కాగితాల్లోంచి ఆ కరపత్రం తీసి, భోజనాల బల్ల మీద నా కంచం పక్కన పెట్టింది. "గిది మీరే రాసింది కదా?" అని తప్ప ఇంకేమీ అడగలేదు.

మర్నాడు ఆ తల్లి బడికి వచ్చింది, బెల్లం కలిపిన నువ్వుల లడ్డూలు పట్టుకుని. "మీ మాట ఇనే ఏసిన సారూ" అంది. స్టాఫ్‌రూంలో అందరూ నన్ను అభినందించారు. లడ్డూ చాలా బాగుంది. మింగడానికి మాత్రం టైం పట్టింది.

ఇంటర్ గురించి చెప్పడానికి ఏమీ లేదు. రెండేళ్లు మావాడు హాస్టల్లో, మేం అప్పులో ఉన్నాం. 2020లో కరోనా వల్ల ఎంసెట్ సెప్టెంబరుకు జరిగింది. ఆ తర్వాత సర్టిఫికెట్ల పరిశీలనకు మూతికి మాస్కులు కట్టుకుని వెళ్లాం. ఇన్నేళ్లుగా ఏ కాలేజీ కోసమైతే ఏ హైస్కూలు అని తల బద్దలు కొట్టుకున్నామో, ఆ కాలేజీ ద్వారం దగ్గర హైస్కూలు గురించి ఏమడుగుతారో చూద్దామని నాకు చాలా ఆసక్తిగా ఉంది. పదో తరగతి మెమో అడిగారు. ఎంతో గర్వంగా ఇచ్చాను. ఆ అధికారి 9.8 వైపు కన్నెత్తి చూడలేదు. పుట్టిన తేదీ చూసుకున్నాడు, పేరు స్పెల్లింగు సరిచూసుకున్నాడు, పక్కన పెట్టాడు. ఆరు నుంచి ఇంటర్ దాకా బోనఫైడ్లు అడిగాడు. బ్లేజరు స్కూలు బోనఫైడ్ మెరిసే కాగితం మీద ఉంటుంది, దాన్ని పైన పెట్టాను. అతను చూసింది ఊరి పేరే. ఉస్మానియా యూనివర్సిటీ పరిధికి లోకలా, నాన్‌లోకలా? లోకలైతే 85 శాతం సీట్లలో పోటీకి నిలబడవచ్చు. కరీంనగర్‌లో చదివితే చాలు, ఏసీ గదిలో చదివినా చింతచెట్టు కింద చదివినా అతనికి ఒక్కటే. ర్యాంకులో ఎంసెట్ మార్కులకు తోడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, తర్వాత తెలంగాణలో దాన్నీ ఎత్తేశారు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల కోసం నేను కట్టిన సొమ్ముకు ఆ కౌంటరు దగ్గర దక్కిన విలువ పుట్టిన తేదీ రుజువు ఒక్కటే. ఆ రుజువు మా సర్కారు బడిలో చదివినా ఇస్తారు.

అదే ఏడాది తమిళనాడులో ఇంకో చట్టం చేశారు. ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలో చదివి నీట్ రాసిన పిల్లలకు మెడికల్ సీట్లలో 7.5 శాతం వేరుగా పెట్టారు. ఆ వార్త ఉన్న పేపరును నేను మడిచి దాచాను. మా ఆవిడ పేపరు చివరి నుంచి చదువుతుంది, అక్కడిదాకా రాదనుకున్నాను. వచ్చింది. "మన దగ్గర గూడ గట్లనే పెడితే ఎట్లుంటదో!" అని పైకి మామూలుగానే అంది. అప్పటికి మా చిన్నది అదే బ్లేజరు స్కూల్లో ఏడో తరగతి. అన్నీ తెలిసి, కరపత్రం చదివి, ఆన్‌లైన్ క్లాసుకు కూడా పూర్తి ఫీజు కట్టి మరీ చదివించాం. ఎందుకని మీరు అడగవచ్చు. ఏడాదికోసారి నన్ను నేనే అడిగేవాణ్ణి, ఏప్రిల్‌లో, ఫీజు కట్టే వారంలో. మా బడిలో హిందీ పోస్టు అప్పటికీ ఖాళీగానే ఉండడం ఒక కారణం. అది చెప్పుకోదగ్గ కారణమే. సడ్డకుడి కూతురు హైదరాబాద్‌లో చదువుతుండడం ఇంకో కారణం. దీన్ని ఎక్కడా చెప్పుకోలేను, ఇక్కడ తప్ప. ఆ ఫీజులో చదువుకు ఎంత, సడ్డకుడి ముందు పరువుకు ఎంత అని విడదీసే సూత్రం నేను చెప్పే ఏ పాఠంలోనూ లేదు.

2024లో మావాడి బీటెక్ అయిపోయింది. బాసర పిల్లది కూడా అదే ఏడాది అయిపోయింది. ఇద్దరూ హైదరాబాద్‌లోనే ఉద్యోగాల్లో ఉన్నారు. ఎవరి జీతం ఎక్కువని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. నేను లెక్కలు నేర్పుతాను గానీ అన్ని జవాబులూ చెప్పను.

నా శిష్యుడి కథ మిగిలింది. ఆ మ్యాథ్స్ ఫ్యాకల్టీ డీఎస్సీకి బదులు వచ్చిన 2017 టీఆర్టీ నోటిఫికేషన్‌లో రాసి, 2019లో పోస్టింగు తెచ్చుకున్నాడు. ఇప్పుడు వాడూ సర్కారు బడి సారే. మంచి టీచరు, వాళ్ల ఊళ్లో పేరుంది. బడిబాటకు కరపత్రం రాయాలంటే నన్నే అడుగుతాడు, నా పాతదే మార్చి వాడుకుంటాడు. పోయిన మే నెలలో ఫోన్ చేసి, చాలాసేపు ఆరోగ్యం, పీఆర్సీ అన్నీ మాట్లాడాక, గొంతు తగ్గించి, "సార్, మా పాపకు ఒకటో తరగతి. మీకు అనుభవం ఉంది కద, టౌన్ల ఏది మంచిగుంటది?" అని అడిగాడు.

చెప్పాను. పీఆర్వో నంబరు కూడా ఇచ్చాను. గవర్నమెంట్ టీచర్ అని ముందే చెప్పు, పది శాతం తగ్గిస్తారన్నాను.